తడి ఆరని గాలం కర్ర

జోడుగెడ్డ అనే కొండవాగు మీద ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయం పది గంటలకు మంచుగడ్డలు కరిగాయి. అంతకుముందు అక్కడ మంచుగడ్డలు లేవు. ఆ కొండల్లో చలికాలం గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచు పొద్దెక్కేసరికి మాయమైపోయేదే తప్ప, కరిగి గెడ్డలో కలిసేటంత ఎన్నడూ ఉండేది కాదు. అయినా ఉత్తర్వు వచ్చింది కాబట్టి కరిగాయి. కరిగినట్టు రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది కొర్రా మాలతి.

మాలతిది పనసగుడ. ఆ గూడెంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. జంతుశాస్త్రం చదివింది. చల్లమెట్టలో కొత్తగా తెరిచిన ‘శీతల జలాల గాలం వేట సలహా కేంద్రం’లో ఔట్‌సోర్సింగ్ పద్ధతిన సలహా సహాయకురాలిగా చేరి ఆరు నెలలయింది. చెప్పిన పని చేస్తుంది. అర్థం కాకపోతే అడుగుతుంది. ఈ రెండో అలవాటు కేంద్రంలో మరెవరికీ లేదు.

ఆ కేంద్రం పుట్టడానికి కారణం పైఅధికారులు ఎవరో చలిదేశం వెళ్ళి రావడం. అక్కడ జనం పెద్ద పెద్ద బూట్లు తొడుక్కుని ఏట్లో దిగి, ఈకలతో, బొచ్చుతో చేసిన ఉత్తుత్తి ఈగలను నీళ్ళ మీద ఆడిస్తుంటే చేపలు ఎగిరి పట్టుకోవడం చూశారట. మన కొండలకు వచ్చే పర్యాటకులకు కూడా ఆ ముచ్చట తీరాలన్నారు. ఏ వారం ఏ ఈగ కట్టాలో చెప్పే పుస్తకం ఒకటి అక్కడి నుంచే తెచ్చి తెలుగు చేయించారు. దాన్నిబట్టి రాజధానిలోని సలహా మండలి ప్రతి వారం ఒక సలహా పంపుతుంది. సోమవారం ఉదయం ఎనిమిదింటికి దాన్ని గెడ్డ ఒడ్డున బోర్డుకి అంటించడం మాలతి ఉద్యోగం.

మొదటి చిక్కు ఆ పుస్తకంలోనే వచ్చింది.

“సార్, మన దగ్గర నీళ్ళు గడ్డకట్టవు కదా. మరి మంచు కరిగిన మూడో వారం అంటే ఏ వారం అనుకోవాలి?” అని అడిగింది మాలతి.

కేంద్రం డైరెక్టరు పరిమి భుజంగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా మాలతీ, మంచు కరగడం ప్రకృతిలో జరిగే పని అనుకుంటున్నావు. కాదు. అదొక పరిపాలనా దశ. నిర్దిష్టమైన తేదీ లేనిదే సలహా ఇవ్వడం దుస్సాధ్యం. కావున ఆర్థిక సంవత్సరం మొదటి దినమున మంచు గడ్డకట్టి, అదే దినమున కరిగినట్టు పరిగణించడమైనది.”

“రెండూ ఒకే రోజా సార్?”

“సమయపాలన అంటే అదే మరి.”

రెండో చిక్కు బోర్డు. ‘సలహా ఫలకం జలప్రవాహానికి అభిముఖంగా ఉండవలెను’ అని ఉత్తర్వులో ఉంది. అందుచేత నాలుగో మడుగు దగ్గర బండ మీద పాతిన ఆ బోర్డు ముఖం నీళ్ళవైపు తిరిగి ఉంది. చదవాలంటే మోకాలి లోతు గెడ్డలోకి దిగి వెనక్కి తిరగాలి. బోర్డుని ఇటు తిప్పితే దారిన పోయేవాళ్ళు కూడా చదువుతారు కదా అంది మాలతి. అభిముఖం అంటే అభిముఖమే అన్నారు భుజంగరావు గారు. మేకులు కొడతానంటే, ప్రభుత్వ ఆస్తికి చిల్లులు పెట్టరాదు అన్నారు. కాబట్టి ప్రతి సోమవారం మాలతి ఒక గిన్నెడు మైదా జిగురు కాచుకుని గెడ్డలో దిగి, పాత వారం సలహాను గీకి నీళ్ళలో రాల్చి, కొత్తదాన్ని అంటించి, గిన్నె అక్కడే కడుక్కుని వచ్చేది.

సలహాలు చక్కగానే ఉండేవి. ‘ఈ వారం: బూడిదరంగు ఈగ, పద్నాలుగో నంబరు. ఉదయం 9.40 నుంచి 10.20 వరకు. చేప ఉల్లాసముగా ఉండును.’ పర్యాటకులు వచ్చేవారు. పన్నెండు జేబుల కోట్లు, రొమ్ముదాకా రబ్బరు బూట్లు, టోపీల్లో గుచ్చిన రంగురంగుల ఈగలు. నీళ్ళలో దిగి, వెనక్కి తిరిగి, సలహా చదివి, ముందుకు తిరిగి, సరిగ్గా 9.40కి గాలం విసిరేవారు. 10.20కి తీసేవారు. నాలుగు వారాల్లో వాళ్ళకు పడినవి మొత్తం ఒక ప్లాస్టిక్ చెప్పు, భుజంగరావు గారి టోపీ. టోపీ రెండుసార్లు పడింది.

అదే గెడ్డలో రెండొందల అడుగులు పైన కిల్లో గురుబారుకి రోజూ ఒక గుచ్చెడు పరిగె చేపలు పడేవి.

గురుబారు మాలతికి తాత, అమ్మకు నాన్న. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న మనవరాలిని ఆ గెడ్డ ఒడ్డునే పెంచాడు. ఆయన గాలం వేసే పద్ధతి వేరు. ముందు గాలం తియ్యడు. నీళ్ళలో దిగి ఒక రాయి తిప్పుతాడు. రాయి కింద ఏ పురుగు అంటుకుని ఉందో చూస్తాడు. ఆ రోజుకి అదే ఎర. రాయి కింద ఏమీ లేకపోతే మొదట పడిన చేప పొట్ట చీల్చి చూస్తాడు. “అది ఏటి తింటందో సూడకుండా నువ్వేటి పెడతావు?” అని ఆయన ఏడేళ్ళ మాలతికి చెప్పిన మాటే, తరవాత మూడేళ్ళపాటు కాలేజీలో లావుపాటి పుస్తకాలు చెప్పాయి.

ఏప్రిల్ ఆఖర్లో సమీక్షా సమావేశం జరిగింది. సలహా పాటించినవారికి చేపలు సున్నా. పాటించనివాళ్ళలో గురుబారు ఒక్కడికే రోజుకు ముప్ఫై. లెక్క చూసి అందరూ తలలు వంచుకున్నారు, భుజంగరావు గారు తప్ప.

“లోపం స్పష్టంగా గోచరిస్తున్నది,” అన్నారాయన. “సలహా ప్రకారం పట్టుబడవలసిన చేపలు, సలహా లేకుండానే ముందుగా పట్టుబడిపోతున్నవి. ఇది సలహాకు వాటిల్లిన నష్టం.”

మర్నాడే సర్క్యులరు వచ్చింది. సలహాకు విరుద్ధంగా పట్టుబడినది చేపగా పరిగణించబడదు.

“మరి అదేమిటి సార్?” అంది మాలతి.

“తదుపరి ఉత్తర్వుల వరకు జలచరం.”

సర్క్యులరు రెండో పేజీలో, అటువంటి జలచరాలను పట్టే గాలం కర్రలను స్వాధీనం చేసుకోవాలని ఉంది. స్వాధీన పత్రం రాయవలసింది సలహా సహాయకురాలు.

గార్డు సింహాచలంతో కలిసి మాలతి వెళ్ళేసరికి తాత బండ మీద కూర్చుని కొంగలా ఒంగి రాయి తిప్పుతున్నాడు.

“తాతా, నీ కర్ర ఇచ్చెయ్యాలట.”

“ఎవులికే?”

“ఆఫీసుకి.”

“ఆఫీసోడు సేపలు పడతాడా? పట్టుకోనీ. మజ్జానేలకి తెచ్చీమను.”

“కాదు తాతా. స్వాధీనం చేసుకోమన్నారు. సలహా చూడకుండా పడుతున్నావని.”

గురుబారు నవ్వాడు. సింహాచలం నవ్వలేదు. మాలతి కాగితం, పెన్ను తీసింది. అప్పుడు ఆయనకీ నవ్వు ఆగింది. ఆ కర్ర ఇరవై రెండేళ్ళ నాటిది. కొండ వెదురు. మూడు వానాకాలాలు పొయ్యి మీద పొగకు కట్టి, ఆముదం పట్టించి, చేతికి అలవాటు చేసుకున్నది. చివర చేప ముక్కు తగిలినా మోచేతిదాకా తెలుస్తుందంటాడు.

“రాసీ గుంటా, నీ ఉద్దోగం కదా,” అన్నాడు మనవరాలితో. “పొడుగు కూడా రాసుకో. తొమ్మిది జేనలు. రేపు ఎనిమిది జేనలది తెచ్చిస్తే నానొప్పుకోను.”

మాలతి తొమ్మిది జేనలని రాసింది. ఆఫీసులో దానికి ఎర్ర టేపు చుట్టి ఏడో నంబరు వేశారు. అలాగే పట్టుకొచ్చిన మిగతా పది కర్రలూ చుట్టుపక్కల గూడేలవి. తాత మళ్ళీ గెడ్డవైపు వెళ్ళలేదు. వేరే కర్ర చేసుకోమంటే, “ఇప్పుడు కడితే మూడో వానకి పనికొస్తాది. అప్పుటికి నానుండాల కదా,” అని అరుగు మీద కూర్చున్నాడు. ఆ మాట మాలతికి అన్నం దగ్గర, ఆఫీసులో, జిగురు కాస్తున్నప్పుడు కూడా వినిపించేది.

కర్ర తిరిగి రావడానికి దారి ఒకటి ఉంది. నలభై రోజుల్లోగా ‘సలహా అనుసరణ శిక్షణ’ పూర్తిచేసి ధ్రువపత్రం తేవాలి. మాలతి సర్క్యులరంతా మూడుసార్లు చదివి తాతను శిక్షణకు తీసుకువెళ్ళింది. ఏసీ గదిలో తెర మీద ఈగల బొమ్మలు చూపించారు. నగరం నుంచి వచ్చిన శిక్షణాధికారి చివర్న మౌఖిక పరీక్ష పెట్టాడు.

“చేప ఎరను ఎప్పుడు అందుకుంటుంది?”

“ఆకలేసినప్పుడు బాబూ.”

“తప్పు. తొమ్మిది నలభైకి. చేపకు ఏ ఈగ ఇష్టం?”

“ఆ పూట ఏది దొరికితే అదే.”

“తప్పు. పద్నాలుగో నంబరు. పోనీ, ఇది సులువు. మంచు ఎప్పుడు కరుగుతుంది?”

గురుబారు మనవరాలివైపు చూశాడు. మాలతి కళ్ళతోనే ఏప్రిల్ ఒకటి అని చెప్పడానికి ప్రయత్నించింది కానీ కళ్ళతో తేదీ చెప్పడం కష్టం.

“ఎక్కడి మంచు బాబూ?” అన్నాడాయన.

మూడింటికి సున్నా వచ్చింది. శిక్షణాధికారి మంచివాడే, హాజరుకి రెండు మార్కులు వేశాడు, ధ్రువపత్రం మాత్రం ఇవ్వలేదు.

అంతలో రాజధాని నుంచి కబురు వచ్చింది. శాఖ ముఖ్య కార్యదర్శి గారు జూన్ ఎనిమిదో తేదీ సోమవారం జోడుగెడ్డకు విచ్చేసి, ఉదయం 9.40కి నాలుగో మడుగులో, పద్నాలుగో నంబరు ఈగతో ఒక చేపను పట్టుకుంటారు. తదనంతరం సలహా వ్యతిరేక గాలం కర్రలను బహిరంగంగా దహనం చేసే కార్యక్రమం ఉంటుంది. వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటే, తాత కర్రకి నలభయ్యో రోజు అదే.

భుజంగరావు గారికి నిద్ర పట్టలేదు. పుస్తకం ప్రకారం మే మూడో వారంలో బూడిదరంగు పురుగులు నీళ్ళలోంచి పైకి రావాలి. అవి వస్తేనే చేపలు పైకొస్తాయి. వెళ్ళి చూస్తే ఒక్కటీ లేదు. ఆయన ‘కీటకముల ఆవిర్భావంలో జాప్యం’ అనే పేరుతో ఫైలు తెరిచారు. సంజాయిషీ కోరుతూ నోటీసు తయారుచేయించారు.

“నోటీసు ఎవరికి అందించాలి సార్?” అని మాలతి అడిగింది.

“కీటకాలకు.”

“అవి ఇంకా పుట్టలేదు కదా సార్?”

“అందుకే కదమ్మా నోటీసు. చిరునామా లభ్యం కానిచో బహిరంగ ప్రదేశంలో అతికించవచ్చునని నిబంధన ఉన్నది. బోర్డు మీద అతికించు.”

అతికించింది. గడువు ఏడు రోజులు. జవాబు రాకపోతే ఏకపక్షంగా నిర్ణయం తీసుకోబడుతుందని కూడా అందులో ఉంది. ఏడు రోజులూ అయిపోయాయి. కీటకాలు జవాబియ్యలేదు. ఆవిర్భవించినట్టు పరిగణిస్తూ ఉత్తర్వు వెలువడింది.

తనిఖీకి ముందు ఆదివారం సాయంత్రం మాలతి పనసగుడ వెళ్ళింది. తాతకు చెప్పాలి. రేపు కర్ర కాల్చేస్తారని ఎలా చెప్పాలో బస్సులో అంతసేపూ ఆలోచించినా మాట దొరకలేదు. ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆయన అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. నెల తరవాత మొదటిసారి అటు వెళ్ళి, నాలుగో మడుగు పక్కన ఎండిపోతున్న గుంటలో చిక్కుకున్న పెద్ద పరిగను చేత్తోనే పట్టుకొచ్చాడట.

“సేత్తో పడితే తప్పు నేదు కదా? నా సెయ్యి కూడా కట్టి పట్టుకెల్తారా?”

“చేతి సంగతి సర్క్యులర్లో లేదు తాతా.” ఇంక ఆగలేకపోయింది. “రేపు కర్రలు కాల్చేస్తారు.”

గురుబారు కత్తిపీట దగ్గరికి లాక్కున్నాడు. చేప పొట్ట చీల్చాడు. అలవాటు చొప్పున వేలితో లోపలిది బయటికి తీసి, దీపం దగ్గర పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

“గుంటా, ఇలగ రా. ఇదేటి పురుగు? నానెప్పుడూ సూడనేదు.”

మాలతి వంగి చూసింది. తెల్లగా, మెత్తగా, ముద్దగా ఉంది. వేళ్ళ మధ్య నలిపింది. జిగురు. అందులో కాగితం పీలిక, పీలిక మీద ఊదారంగు ముద్రలో సగం. ఆ ముద్ర ఆమెకు తెలియనిది కాదు. ప్రతి సోమవారం తనే వేస్తుంది. రెండో పీలిక మీద ‘ఉల్లాసముగా’ అనే మాట చెక్కుచెదరకుండా ఉంది.

“తాతా, ఇది మా సలహా!”

“సలహాయా?” అని గురుబారు పీలికను వెలుగుకి తిప్పి చూశాడు. “అయితే మీ సలహాలు ఎవులో ఒకలు తీసుకుంటన్నారన్నమాట. వోరం వోరం అక్కడే పిండి గిన్ని కడుగుతున్నావా?”

“ఆ. ఎనిమిదింటికి.”

“ఇంకేటి మరి! సోమారం వొచ్చిందంటే గెడ్డలో పరిగెలన్నీ నీ బోర్డు కిందకే ఎల్లి కూకుంటాయి. ఈగా లేదు, దోమా లేదు. ఆటికి మైదా మప్పీసినావు.”

సోమవారం ఉదయం నాలుగో మడుగు దగ్గర షామియానా వేశారు. ఒక పక్క పదకొండు గాలం కర్రలు కట్టగా పేర్చి, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టారు. చుట్టుపక్కల గూడేలవాళ్ళు దూరంగా నిలబడ్డారు. గురుబారు కూడా మనవరాలి వెనకాలే వచ్చాడు. ఎనిమిదింటికి మాలతి తనిఖీ రోజు సలహాను ఒకటికి రెండు పూతలు జిగురు పెట్టి అంటించింది. గిన్నె మాత్రం కడగలేదు.

ముఖ్య కార్యదర్శి గారు సన్నగా, పదవీ విరమణకు దగ్గరగా ఉన్న మనిషి. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో చేపల గురించి నాలుగు వేల ఫైళ్ళు చూశారు గానీ బతికున్న చేపను ముట్టుకోలేదు. బూట్లు తొడిగించుకుని మురిపెంగా నీళ్ళలో దిగారు. 9.40కి గాలం విసిరారు. పది దాటింది. 10.20 అయింది. అప్పుడు గడువును ఒక గంట పొడిగిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. పదకొండు దాటింది. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు.

“చేపలు ఉన్నాయా అసలు?” అన్నారు కార్యదర్శి గారు.

“ఉల్లాసంగా ఉన్నాయి సర్,” అన్నారు భుజంగరావు గారు, చెమట తుడుచుకుంటూ.

మాలతి ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. కొత్తది రాయవలసిన చెయ్యి చెమట తుడుచుకుంటున్న ఆ చెయ్యే. అటు చూసింది. ఇటు చూస్తే ఎర్ర టేపు కట్టిన ఏడో నంబరు కర్ర, దాని పక్కన డబ్బా.

“సార్,” అంది. “సలహాతోనే పడుతుంది సార్. కర్రే అది కాదు.”

“మాలతీ!” అన్నారు భుజంగరావు గారు.

“చెప్పనివ్వండి,” అన్నారు కార్యదర్శి గారు. గంటన్నర నీళ్ళలో నిలబడ్డ మనిషి ఎవరి మాటైనా వింటాడు. “ఏ కర్ర కావాలి?”

“ఏడో నంబరు సార్. మా తాతది. ఆయనే చూపిస్తాడు.”

“సర్, అది దహనానికి ఉద్దేశించిన వస్తువు,” అన్నారు భుజంగరావు గారు.

“దహనం తరవాత చేద్దాం. ముందు తెండి.”

మాలతి వెళ్ళి కట్టలోంచి కర్ర లాగింది. ఎర్ర టేపు ముడి గోళ్ళకు రాలేదు. పంటితో లాగింది. గురుబారు కర్ర అందుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి అరచేతితో నిమిరి, జేనలు కొలిచాడు. తొమ్మిది. సరిపోయింది. నీళ్ళలో దిగి బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆనాటి సలహా అంచు చింపాడు. జిగురుతో సహా వేళ్ళ మధ్య ఉండ చేసి కొక్కేనికి గుచ్చి, కర్రను కార్యదర్శి గారి చేతికిచ్చాడు.

“బాబూ, ఇసరకండి. ఊరికే వొదలండి. సూడండి, కర్రే సెప్తాది.”

రెండు నిమిషాలు కూడా కాలేదు. కర్ర చెప్పింది. కార్యదర్శి గారు “అమ్మో, అమ్మో!” అంటూ ఎత్తారు. ఎండలో తళతళా మెరుస్తూ జానెడు పరిగ గాలిలో కొట్టుకుంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, బూటులోకి నీళ్ళు పోతున్నా చూసుకోకుండా, చిన్నపిల్లాడిలా నవ్వారు. వరసగా ఇంకా నాలుగు పట్టారు. సలహా కాగితం సగం అయిపోయింది.

భుజంగరావు గారు అప్పటికి కుదుటపడ్డారు. “సర్, గమనించవలసిన అంశం. కేవలం సలహాతో పట్టుబడినవి. కావున ఇవి చేపలు.”

“అక్షరాలా సలహాతోనే,” అన్నారు కార్యదర్శి గారు. “ఇంత మంచి కర్రను ఎవరు కాల్చమన్నారు? దహనం రద్దు. అన్నీ వాపసు ఇచ్చేయండి. ఈ ఏడో నంబరు మాత్రం ప్రామాణిక కర్రగా ప్రకటిస్తున్నాను. రాజధానిలో మన కార్యాలయంలో అద్దాల బీరువాలో పెట్టిద్దాం. సాయంత్రం నా కారులోనే వేయించండి.”

జనం చప్పట్లు కొట్టారు. పది గూడేలవాళ్ళు తమ కర్రలు తీసుకుని, ఇంకో ఉత్తర్వు వచ్చేలోగా కొండెక్కేశారు. గురుబారు చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి. “మంటల్లోంచి తీసి బీరువాలో పెడతారా?” అన్నాడు మెల్లగా, మనవరాలికి మాత్రమే వినబడేలా. “కాలిస్తే ఒక్క దినం ఏడుపు.”

అప్పగింత పత్రం రాయవలసింది కూడా సలహా సహాయకురాలే. మాలతి కర్రను ముట్టుకుని చూసింది. తరవాత కూర్చుని, ఉద్యోగంలో నేర్చుకున్న భాషలో రాసింది: ‘సదరు కర్ర వెదురుతో చేయబడినది, ప్రస్తుతం తడిగా ఉన్నది. తడిగా ఉన్న స్థితిలో బీరువాయందు ఉంచినచో బూజు పట్టి ప్రామాణికత కోల్పోవును. కావున పూర్తిగా ఆరు వరకు స్థానిక సంరక్షకుని వద్ద ఉంచి, ఆరిన వెంటనే పంపబడును.’

భుజంగరావు గారు రెండుసార్లు చదివారు. అభ్యంతరం చెప్పడానికి ఒక్క పొల్లు కూడా దొరకలేదు. ఎప్పుడూ ప్రశ్నలే అడిగే పిల్ల మొదటిసారి ప్రశ్న లేకుండా రాసింది. ఆ సంతోషంలో సంతకం పెట్టారు. నెలాఖరున కాంట్రాక్టు మీద కూడా పెట్టారు. జిగురు కాయడం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు సలహాలు వారానికి నాలుగు వందల ప్రతులు వస్తున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో పర్యాటకుడికి, చిన్న గిన్నెడు మైదా జిగురుతో కలిపి ఇస్తారు. అందరికీ చేపలు పడుతున్నాయి. ఎవరూ చదవడం లేదు.

ప్రతి నెలా ఒకటో తేదీన రాజధాని నుంచి లేఖ వస్తుంది: ప్రామాణిక కర్ర ఆరినదా, లేదా, తెలుపగలరు. మాలతి చూడకుండా ఏదీ రాయదు. కాగితం పట్టుకుని గెడ్డ దాకా నడిచి వెళుతుంది. రెండొందల అడుగులు పైన, బండ మీద తాత ఉంటాడు. కర్ర చివర నీళ్ళలో ఉంటుంది. చెయ్యి చాచి ముట్టుకుని చూస్తుంది.

“ఏటి రాస్తన్నావు?” అంటాడు గురుబారు, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

“ఇంకా ఆరలేదని, తాతా.”

“ఉన్నదే రాస్తన్నావు కదా?”

“ఉన్నదే.”

“అయితే పర్నేదు,” అని ఆయన ఇంకో రాయి తిప్పి చూస్తాడు.